ఫరూ సర్దార్ లేని ముగింపు

గోరా మాకు నచ్చడు.

ఈ మాట అనగానే మన లౌకికవాద మిత్రులు కొందరు నొచ్చుకుంటారని తెలుసు. రవీంద్రనాథ్ టాగూర్ ‘గోరా’ని వాళ్లు మా చేతుల్లో పెట్టిందే ప్రేమతో. 1992 డిసెంబర్ 6 తర్వాత, 2002 గుజరాత్ తర్వాత, ఏదైనా జరిగి మేం మాటా పలుకూ లేకుండా కూచున్నప్పుడల్లా ఎవరో వొకరు ఈ పుస్తకం తెచ్చి ఇచ్చారు. హిందూ ఛాందసానికి ఒక హిందువు ఇచ్చిన జవాబు ఇంతకన్నా గొప్పది లేదన్నారు. చదివాం. వొక్కసారి కాదు, రెండు మూడు సార్లు చదివాం. నవల నచ్చింది. నాయకుడు నచ్చలేదు. నాయకుడు నచ్చకపోతే నవల నచ్చనట్టే, నవల నచ్చకపోతే రచయితని అవమానించినట్టే అనుకోవడం మన సాహిత్య చర్చల్లో పాత జబ్బు. ఆ జబ్బుని కాసేపు పక్కన పెట్టి మా మాట వినండి.

కథ తెలియని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. కలకత్తాలో కృష్ణదయాళ్, ఆనందమయి అనే బ్రాహ్మణ దంపతుల ఇంట్లో పెరిగిన కుర్రాడు గోరా, అంటే గౌరమోహన్. కట్టుకునేది ముతక ధోవతి, నుదుట గంగమట్టి బొట్టు, తలమీద పిలక. బ్రహ్మసమాజం వాళ్లంటే మండిపడతాడు. తల్లి గదిలో లచ్మియా అనే క్రైస్తవ పనిమనిషి వుంది కాబట్టి కన్నతల్లిగా ఎరిగిన ఆమె చేతి ముద్ద కూడా ముట్టడు. స్నేహితుడు బినయ్‌ని కూడా తిననివ్వడు. దేశాన్ని ప్రేమించాలంటే దేశంలో వున్న ప్రతి ఆచారాన్నీ, కుళ్లుతో సహా, తలకెత్తుకోవాలన్నది అతని సిద్ధాంతం. చివరికి తెలిసేదేమిటంటే, అతను హిందువే కాదు. 1857లో ఎటావాలో, తిరుగుబాటు రోజుల్లో, ప్రాణభయంతో ఆ ఇంట్లో తలదాచుకున్న ఒక ఐరిష్ స్త్రీ రాత్రికి రాత్రి కని చనిపోయిన బిడ్డ. తండ్రి పోరులో చచ్చిపోయాడు. ఈ నిజం విన్న రోజున గోరాకి బంధాలన్నీ తెగిపోతాయి. హిందువుకీ ముస్లింకీ క్రైస్తవుడికీ తనలో ఇక తగాదా లేదని, ఇవాళే తాను నిజంగా భారతీయుణ్ణయ్యానని అంటాడు. తిరిగొచ్చి ఆనందమయి పాదాల దగ్గర కూచుని, లచ్మియాని పిలిచి మంచినీళ్లు తెమ్మను అంటాడు.

నవల ‘ప్రవాసి’ పత్రికలో 1907 నుంచి వచ్చింది. 1910లో పుస్తకమైంది. ఆ తేదీలు వూరికే చెప్పడం లేదు. 1905లో బెంగాల్‌ని రెండు ముక్కలు చేశారు. 1906లో ఢాకాలో ముస్లిం లీగ్ పుట్టింది. 1907లో కొమిల్లాలో, జమాల్‌పూర్‌లో హిందూ ముస్లిం గొడవలు జరిగాయి. టాగూర్ కథని పాతికేళ్లు వెనక్కి నెట్టి రాశాడే గాని, రాస్తున్నప్పుడు కిటికీ అవతల వున్న బెంగాల్ ఇది.

ముందు పేరు సంగతి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మాకు ఈ పుస్తకం అట్ట చూడగానే నవ్వొస్తుంది. గోరా అంటే తెల్లోడు. మా నానీలు, దాదీలు కంటోన్మెంటు సోల్జర్లని అనే మాట అది. అతని ఒళ్లు ఎంత తెలుపంటే, కాలేజీ పండితుడు వెండికొండ అని పేరు పెడతాడు. పాఠకుడికి రహస్యం మొదట్లోనే చెప్పేస్తాడు రచయిత. తెలియనిది గోరాకి మాత్రమే. అంటే ఇది గుట్టు విప్పే కథ కాదు. తెల్లోడు ఒకడు తెల్లోణ్ణని తెలియక, ఇక్కడి వాళ్లకే ఇక్కడి వాళ్లెలా వుండాలో పాఠాలు చెబుతూ తిరిగే కథ. రచయిత దీన్ని ఎగతాళిగానే పెట్టాడని మాకు అనిపిస్తుంది. కాని చదివిన వాళ్లలో ఎక్కువమందికి ఎగతాళి కనపడలేదు, వీరుడు కనపడ్డాడు.

పాఠాలు అన్నాం కదా. మాకు మొదట కడుపు మండింది అక్కడే. నవల మొదటి భాగంలో ఒక చిన్న సంఘటన వుంది. ఒక ముసలి ముస్లిం, సాహెబు వంటింటికి కావలసిన పళ్లూ కూరగాయలూ గుడ్లూ రొట్టే వెన్నా గంపలో పెట్టి నెత్తిన మోసుకుపోతుంటాడు. బంగారు గొలుసు గడియారం బాబు ఒకడు బండిలో వస్తూ తప్పుకోమని అరుస్తాడు. ముసలాయనకి వినపడదు. గంప పడిపోతుంది. బాబు తిట్టి, కొరడాతో ముఖం మీద కొడతాడు. నెత్తురు గీత తేలుతుంది. ముసలాయన అల్లా అని నిట్టూర్చి, పగలకుండా మిగిలినవి ఏరుకుంటాడు. గోరా పరుగెత్తుకొచ్చి తనూ ఏరిపెడతాడు. ఇంతవరకూ బాగానే వుంది. నష్టానికి డబ్బు కూడా ఇప్పిస్తాడు. మంచివాడే.

కాని డబ్బు ఇప్పించే ముందు ఉపన్యాసం ఇస్తాడు. కొడితే పడి వూరుకున్నందుకు నిన్ను అల్లా క్షమించడంటాడు. ముసలాయన, తప్పు చేసినవాణ్ణి కదా దేవుడు శిక్షించేది, నన్నెందుకు అని అడుగుతాడు. అన్యాయాన్ని సహించినవాడు కూడా దోషేనంటాడు గోరా. పైగా మీ ముహమ్మద్ ఈ సంగతి గ్రహించాడు, అందుకే మెత్తగా వుండి మతం చెప్పలేదు అని కలుపుతాడు.

ఆ ముసలాయన అడిగిన ప్రశ్నలో వున్న తెలివి గోరాకి అందలేదు. దెబ్బ ఎవరు కొట్టారు, పాపం ఎవరిది? ఇంత సూటి ప్రశ్నకి జవాబు చెప్పకుండా సిద్ధాంతం చెప్పాడు. బండి బాబు వెనక పరుగెత్తి వాడికి ఒక ముక్క పాఠం చెప్పలేదు. దెబ్బ తిన్నవాడికి చెప్పాడు. అదీ మా ప్రవక్త గురించి మాకే. ఈ మనిషిని మేం ఎక్కడో చూశాం అనిపించింది. మా బస్తీల్లో అల్లరి జరిగి దుకాణాలు కాలిపోయిన మర్నాడు వచ్చి, మీరు ప్రధాన స్రవంతిలోకి రావాలి, మీలో సంస్కర్తలు పుట్టాలి, అసలు మీ ఇస్లాం చెప్పింది ఇది కాదు అనే పెద్దమనిషి. అతను మంచివాడు కాడని మేం అనడం లేదు. గంపలో రెండు కూరగాయలు ఏరిపెట్టిన మాట నిజమే.

అయితే గోరాని కొట్టిపారేయలేం. కారణం చర్ ఘోష్‌పూర్. మొత్తం బెంగాలీ సాహిత్యంలో మేం మళ్లీ మళ్లీ వెళ్లే వూరు అది.

చర్ అంటే నది మధ్యన మేట వేసిన నేల. మన గోదావరి లంకల్లాంటిది. ఏటా కొంత కోసుకుపోతుంది, కొంత కొత్తగా తేలుతుంది. తేలిన నేల ఎవరిదన్న తగాదా ఎప్పుడూ వుంటుంది. నవలలో ఆ వూరంతా ముస్లిం రైతులు. నీలిమందు దొరలకీ వాళ్లకీ నేల దగ్గర పేచీ. చుట్టుపక్కల వాళ్లంతా లొంగిపోయారు. చర్ ఘోష్‌పూర్ లొంగలేదు. ఎందుకంటే అక్కడ ఫరూ సర్దార్ వున్నాడు. ఇంట్లో గింజ లేకపోయినా ఎవడికీ తల వంచనివాడు. పోలీసుల్ని కొట్టి ముందే రెండుసార్లు జైలుకి పోయొచ్చినవాడు. కొత్త మేట మీద వాళ్లు వేసుకున్న వరిని దొర లాఠీమనుషుల్ని తెచ్చి కోయించుకుపోతుంటే, ఫరూ దొర కుడిచెయ్యి విరగ్గొడతాడు. ఆస్పత్రిలో ఆ చెయ్యి తీసెయ్యాల్సొస్తుంది. ఆ తర్వాత పోలీసులు వూరి మీద పడతారు. ఇళ్లు దోచారు, ఆడవాళ్ల మానం దక్కలేదు. మగవాళ్లలో సగం లాకప్పులో, సగం పరారీలో. ఫరూ పెళ్లానికి ఒంటి మీద వున్న ఒకే ఒక్క బట్ట చిరిగిపోయి గుమ్మం దాటలేని స్థితి.

ఆ వూళ్లో హిందువుల ఇల్లు ఒకటే వుంది. ఒక మంగలి. ఫరూ కొడుకు తమీజు ఆకలితో వుంటే, పిన్నీ అని పిలిచే ఆ చనువుకొద్దీ మంగలి పెళ్లాం వాణ్ణి తెచ్చి సాకుతోంది. గోరా తన తోడు రమాపతితో, ఎండకి నోరెండిపోయి, ఆ ఇంటికి చేరతాడు. చూశాక ముందు ఏం చేస్తాడు? తురక పిల్లాణ్ణి ఇంట్లో పెట్టుకున్నందుకు మంగలిని కోప్పడతాడు! మంగలి చెప్పే జవాబు చాలా మామూలుగా వుంటుంది. మేం హరీ అంటాం, వాళ్లు అల్లా అంటారు, తేడా ఏముంది స్వామీ అంటాడు. సిద్ధాంతాల్లేని మనిషి. పక్కింటి పిల్లాడు ఆకలితో ఏడిస్తే తెచ్చుకున్న మనిషి. టాగూర్ ఈ మనిషికి పేరు పెట్టలేదు. పెట్టి వుంటే బాగుండేది.

రమాపతి ఆ బావి నీళ్లు తాగడు. దగ్గర్లో సరైన హిందువు ఇల్లు ఎక్కడని అడుగుతాడు. వుంది. దొర కచేరీలో తహసీల్దారు, బ్రాహ్మడు, మాధవ్ చటర్జీ. వూరిని పీక్కుతింటున్న దరోగాని ఇంట్లో పెట్టుకుని మేపుతూ, ఆ ఖర్చంతా వూరివాళ్ల దగ్గరే రాబట్టుకుంటున్నవాడు. ఇద్దరూ అటు బయల్దేరతారు. మండుటెండలో నడుస్తూ నడుస్తూ గోరాకి తలలో మెరుపు మెరుస్తుంది. పీడించేవాడింట్లో నీళ్లు తాగితే కులం నిలుస్తుంది, పీడితుడి పిల్లాణ్ణి కాపాడే మంగలి ఇంట్లో తాగితే కులం పోతుంది, ఇదేం ధర్మం? రమాపతిని పొమ్మని, తను వెనక్కి తిరుగుతాడు. మంగలి బావిలో నీళ్లు తోడుకుని తాగుతాడు.

ఇది రాసినందుకు టాగూర్‌కి మేం సలాం చేస్తాం. ఒక్క చెంబు నీళ్లలో కులం ఎట్లా పనిచేస్తుందో ఇంత తేటగా చూపినవాళ్లు తక్కువ. నీళ్ల దగ్గరే మనుషులెవరో తేలిపోతుంది ఈ దేశంలో. శరత్ బాబు 1922లో రాసిన ‘మహేశ్’ కథలో గఫూర్ కూతురు అమీనా చెరువు దగ్గర నిలబడి, ఎవరో దయతల్చి పైనుంచి కుండలో వంచే దాకా ఎదురుచూస్తుంది. ఆ కుండ నీళ్ల కోసమే ఎద్దు చస్తుంది, గఫూర్ రాత్రికి రాత్రి వూరు వదిలి జనపనార మిల్లుకి పోతాడు. తెలుగులో శరత్‌ని మనవాడే అన్నంతగా చదువుకున్నాం. అదే శరత్ ‘శ్రీకాంత్’ మొదట్లో ఒక ఫుట్‌బాల్ ఆట వుంది. ఒక జట్టు బెంగాలీలు, ఒక జట్టు ముస్లిములు. ముస్లిములు బెంగాలీలు కారన్నమాట! ఇంత మామూలుగా, పగ కూడా లేకుండా, మాటల్లోంచి మమ్మల్ని బయటికి తోసెయ్యొచ్చు. గఫూర్‌ని రాసిన చెయ్యే అదీ రాసింది.

మళ్లీ గోరా దగ్గరికి. చెంబు నీళ్లు తాగాడు సరే. ఆ పూట అన్నం ఎవరు వండారు? బియ్యం, పప్పు వుంటే ఇమ్మని అడిగి తనే వండుకుంటానంటాడు. మంగలి పెళ్లాం చేతి ముద్ద తినడు. మెరుపు మెరిసింది గాని వంటింటి దాకా వెలుగు పోలేదు. చిన్న విషయాన్ని పట్టుకుని లాగుతున్నాం అనకండి. ఎవరి చేతి కూడు ఎవరు తింటారన్నది చిన్న విషయమైతే నవల అంతా అదే ఎందుకవుతుంది?

తర్వాత గోరా మేజిస్ట్రేట్‌ని కలుస్తాడు, రైతుల తరఫున వకీల్ని పట్టుకోబోతాడు. కుర్రాళ్లని కొడుతున్న పోలీసులతో కలబడి నెల్లాళ్లు కఠిన శిక్ష వేయించుకుంటాడు. డబ్బులేనివాడికి దొరకని వకీలు నాకెందుకని ఎదుర్కోడు. ఈ మాట మాకు నచ్చింది. జైలుకి పోయే గోరాని చూస్తే, ఇక ఇతను మారినట్టే అనుకున్నాం.

బయటికొచ్చి ఏం చేశాడు? ప్రాయశ్చిత్తం పెట్టుకున్నాడు. జైల్లో ఆచారం చెడింది కాబట్టి గంగ వొడ్డున తోటలో, పదిమంది పండితుల్ని పిలిచి, శుద్ధి. మేం ఇక్కడ పుస్తకం మూసి చాలాసేపు కూచున్నాం. ఎవరి అంటు కడుక్కుంటున్నాడు ఇతను? జైల్లో ఎవరుంటారు? ఫరూ సర్దార్ లాంటివాళ్లే వుంటారు. రైతు కోసం మేజిస్ట్రేట్ గుమ్మం ఎక్కినవాడు, రైతు పీల్చిన గాలి తనకి తగిలినందుకు గంగలో మునగబోతున్నాడు. సానుభూతి ఒక చేత్తో, అంటు ఇంకో చేత్తో. ఈ రెండూ ఒకే మనిషిలో హాయిగా సర్దుకుని వుండగలవని గోరా మాకు నేర్పాడు. బయట సభల్లో మా కోసం గొంతు చించుకునే మిత్రుడి ఇంట్లో మేం తాగిన గ్లాసు వేరే గూట్లో బోర్లించి వుండటం చూసినవాళ్లం. కాబట్టి మాకిది కొత్త కాదు. కొత్త కాకపోవడమే బాధ.

ప్రాయశ్చిత్తం జరగదు. ఎందుకు జరగదు? గోరా ఆలోచించి మానుకున్నాడా? లేదు. జబ్బుపడిన కృష్ణదయాళ్ భయపడి నిజం చెప్పేస్తాడు. తను పోతే శ్రాద్ధం ఈ పిల్లాడు పెడితే ఎలా అన్నది ఆయన భయం. అంటే గోరా కులాన్ని వదల్లేదు, కులమే గోరాని వదిలింది. మా పేచీ అంతా ఇక్కడే వుంది. చర్ ఘోష్‌పూర్ చూసి మారాడా, జైలు చూసి మారాడా, సుచరిత ప్రేమతో మారాడా అంటే, కదిలాడు గాని మారలేదు. మార్చింది పుట్టుక కాయితం. నువ్వు హిందువ్వి కావు అని ఎవరో చెప్పకపోతే, మర్నాడు పొద్దున్న గంగలో మునిగి, శుద్ధి చేసుకుని, తమీజుని ముట్టుకోకుండా దేశాన్ని ప్రేమిస్తూ వుండిపోయేవాడు.

ఒక్కసారి కథని కాస్త పక్కకి జరిపి చూద్దాం. 1857, ఎటావా, అదే రాత్రి. తలుపు తట్టింది ఐరిష్ స్త్రీ కాదు. నిండు గర్భిణి అయిన ఒక ముస్లిం స్త్రీ, సైన్యానికి భయపడి పారిపోయొచ్చిన ఏ జులాహా పెళ్లామో. ఆ రోజుల్లో అట్లా పారిపోయినవాళ్లు తక్కువేం కాదు. తిరుగుబాటు అణిచాక ఢిల్లీ నుంచి జనాన్ని గెంటేసి, హిందువుల్ని ముందు తిరిగి రానిచ్చారు, ముస్లిముల్ని చాలాకాలం రానివ్వలేదు. కృష్ణదయాళ్ తలుపు తీసేవాడా? ఆయన ఆ గలాటాలో పెద్ద ఇంగ్లీషు వాళ్ల ప్రాణాలు కాపాడి జాగీరు సంపాదించుకున్నవాడు. జులాహా ఆడదాన్ని కాపాడితే జాగీరు ఇచ్చేదెవరు? సరే, ఆనందమయి తలుపు తీసింది, బిడ్డని పెంచింది అనుకుందాం. పాతికేళ్ల తర్వాత నిజం తెలిసింది. అప్పుడు గోరా పరేశ్ బాబు ఇంటికి పరుగెత్తి, నాకిక ఏ బంధం లేదు, దేశంలో అందరి కులమూ నా కులమే అని ఎగిరి గంతేసేవాడా? సుచరిత చెయ్యి ఇచ్చేవాళ్లా? పత్రిక అచ్చు వేసేదా?

మాకు జవాబు తెలుసు. మీకూ తెలుసు. ఐరిష్ వాడు మ్లేచ్ఛుడే. కాని రాజ్యమేలే రంగు మ్లేచ్ఛుడు. కులంలోంచి అతను పైకి జారాడు, కిందికి కాదు. అందుకే ఏ మతమూ లేని భారతీయుడు అనే గొప్ప పేరు పెట్టుకోగలిగాడు. జులాహా కొడుకుగా తేలితే అతను ఏ బంధమూ లేనివాడు కాడు, వట్టి తురకవాడు. ఆ నిమిషం నుంచి దేశభక్తికి సర్టిఫికెట్ తెచ్చుకోవలసినవాడు. ‘ఇవాళే భారతీయుణ్ణయ్యాను’ అని ఎవరూ సవాలు చెయ్యకుండా ప్రకటించుకునే హక్కు ఎవరికి వుంటుందో ఈ నవల చెప్పకుండానే చెప్పింది.

ఫరూ సర్దార్‌ని ఎవరూ ఆ మాట అడగలేదు. అతను ఆ మాట అనలేదు. మేట నేల మీద నిలబడి నాది అన్నాడు, అంతే.

నవలలోనే దీనికి జవాబు వుందని కొందరు మిత్రులంటారు. గోరా టాగూర్ కాడు, టాగూర్ మనసు ఆనందమయి దగ్గర వుంది అంటారు. నిజం. ఆనందమయి మాకు నచ్చుతుంది. అసలు ఆమె కోసమే ఈ నవల చదవమని మా పిల్లలకి చెబుతాం. అనాథ బిడ్డని వొళ్లోకి తీసుకున్న రోజే ఆమె ఆచారం వదిలేసింది. ఎవరూ ఆమెకి పుట్టుక రహస్యం విప్పలేదు. ఆమె బ్రాహ్మణ పండితుల ఇంటి ఆడపడుచే, చివరిదాకా అదే. తెలిసి, చూసి, కోరి వదిలింది. చుట్టాలు వెలేసినా, పెంచిన కొడుకే తన చేతి అన్నం తినకపోయినా, లచ్మియాని పంపించెయ్యలేదు. లలిత కూడా అంతే. గోరాకి జైలు వేసిన మేజిస్ట్రేట్ ఇంట్లో నాటకం ఆడనని, పరువు ఏమవుతుందో చూసుకోకుండా రాత్రికి రాత్రి బినయ్ వున్న స్టీమరెక్కి కలకత్తా వెళ్లిపోతుంది. ఈ ఇద్దరు ఆడవాళ్లూ చెయ్యగలిగింది ఈ వెండికొండ ఎందుకు చెయ్యలేకపోయాడు? పుస్తకానికి పేరు మాత్రం అతనిది.

టాగూర్ సంగతి మాకు తెలుసు. తన జమీందారీ కచేరీలో ముస్లిం రైతు కూచోవాలంటే జాజిం అంచు మడిచి వట్టినేల మీద చోటిచ్చేవాళ్లని ఆయన 1922లో ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ‘ఘరే బైరే’లో స్వదేశీ పేరుతో పేద ముస్లిం రైతుల మీద జరిగిన దౌర్జన్యాన్ని దాచకుండా రాశాడు. చూసిన మనిషి. చూసినవాడు కాబట్టే గోరాలో ఫరూ సర్దార్ వున్నాడు. మా ఫిర్యాదు చూడనందుకు కాదు. చూసినదాన్ని చివరి పుటలదాకా మోసుకురానందుకు.

చివరి గదిలో ఎవరున్నారో లెక్కపెట్టండి. గోరా, ఆనందమయి. పేరు వినపడే లచ్మియా. పిలవబోయే బినయ్. సుచరిత, పరేశ్ బాబు అంతకుముందే వచ్చిపోయారు. క్రైస్తవ పనిమనిషి చేతి నీళ్లు తాగడంతో భారతదేశం ఒకటైపోయింది. ముస్లిములు గోరా మాటల్లో వున్నారు, గదిలో లేరు. జాబితాలో పేరుగా రావడం మాకు అలవాటే. హిందూ, ముస్లిం, సిక్కు, ఈసాయి అని వేదిక మీద పిలిచే వరసలో రెండో పేరు మాది. వేదిక దిగాక కుర్చీ ఎక్కడుంటుందో వేరే చెప్పాలా.

ఇంకో ముచ్చట. పల్లెలు తిరిగిన గోరా, ముస్లిములు ఆపదొస్తే ఒక్కటిగా నిలబడతారు, హిందువులకి ఆ ఐకమత్యం లేదే అని ఆశ్చర్యపడతాడు. మమ్మల్ని మెచ్చుకున్నాడు. ఈ మెచ్చుకోలుకి మా దూదేకుల దోస్తు ఒకడు పడీ పడీ నవ్వాడు. సయ్యద్ ఇంటి సంబంధం దూదేకుల ఇంటికి వచ్చిందెప్పుడు అన్నాడు. ఆ బెంగాల్లో కూడా అష్రఫ్, అజ్లఫ్ అని రెండు అరలు వున్నాయి. మేట మీద చెమటోడ్చే ఫరూ, మగ్గం నేసే గఫూర్ పెద్దింటి మియాల దస్తర్‌ఖాన్ దగ్గర ఎక్కడ కూచునేవాళ్లో మాకు తెలుసు. దూరంనుంచి చూసేవాడికి మేం ఒక గుంపు. తిట్టేవాడికీ గుంపే, మెచ్చేవాడికీ గుంపే. గోరా మా జమాత్‌ని చూశాడు, మనుషుల్ని చూడలేదు. మెచ్చుకోలులో వున్న ఈ గుడ్డితనం తిట్టులో వున్న గుడ్డితనం కన్నా మెత్తగా వుంటుంది, అంతే తేడా.

పాత నవల మీద ఇప్పుడెందుకింత పేచీ అంటారేమో. మేట నేలలు ఇంకా వున్నాయి కనక. బ్రహ్మపుత్ర చర్లలో బెంగాలీ మూలాలున్న ముస్లిం రైతులు తరతరాలుగా సాగు చేసుకుంటున్నారు. ఏరు పొంగితే నేలతోపాటు ఇల్లూ, ఇంట్లో ట్రంకుపెట్టే, పెట్టెలో కాయితాలూ కొట్టుకుపోతాయి. 2019 ఆగస్టు 31న అస్సాంలో పౌరుల జాబితా వచ్చినప్పుడు 19 లక్షల పైచిలుకు మంది పేర్లు లేవు. అందులో హిందువులూ వున్నారు, ముస్లిములూ వున్నారు. ఆ డిసెంబర్‌లో పౌరసత్వ చట్టాన్ని సవరించి, మూడు పొరుగు దేశాల నుంచి 2014 ఆఖరులోగా వచ్చినవాళ్లలో ఏ మతాలవాళ్లకి దారి తెరవాలో రాశారు. ఆరు మతాల పేర్లు రాశారు. మాది రాయలేదు. ఈసారి జాబితాలో రెండో పేరు కూడా దక్కలేదు.

గోరా దగ్గర ఏ కాయితముంది? తల్లి పోయింది, తండ్రి పోయాడు, సాక్ష్యం ముసలి కృష్ణదయాళ్ నోటిమాట. పరాయిదేశం వాళ్ల బిడ్డ అని ఆ నోటిమాటతోనే తేలింది. ఆ తేలిన రోజే అతను అందరికన్నా పెద్ద భారతీయుడయ్యాడు. నవలలో ఒక్కరు కూడా రుజువు చూపించమనలేదు. చూపించమనాలని మేం అనడం లేదు. తల్లి వొడి చాలు, ఆ విషయంలో ఆనందమయితో మాకు పేచీ లేదు. ఆ వొడి తమీజుకి ఎందుకు చాలదన్నదే అడుగుతున్నాం. వాడికీ మంగలింట్లో ఒక పిన్ని వుంది కదా.

తమీజు గురించి మేం లెక్కలు వేసుకుంటూ వుంటాం. గోరాకి పాతికేళ్లప్పుడు, అంటే 1880 ప్రాంతంలో, వాడికి ఏడో ఎనిమిదో అనుకుంటే, 1905లో ముప్పై దాటతాయి. స్వదేశీ కుర్రాళ్లు సంతకొచ్చి మాంచెస్టర్ బట్ట తగలబెట్టినప్పుడు, చవక పంచె పోయి ఖరీదు పంచె కొనలేక నిలబడ్డవాళ్లలో వాడుంటాడు. దేశాన్ని ప్రేమించడం లేదని ఎవరో వాణ్ణి తిట్టి వుంటారు. 1947కి వాడు బతికుంటే డెబ్బై దాటిన ముసలాడు. అప్పటికి మేట ఎన్నిసార్లు కోసుకుపోయి ఎన్నిసార్లు తేలిందో, గీత ఏ వొడ్డున పడిందో, ఏ వొడ్డున వాణ్ణి పరాయివాడన్నారో. గోరా జైలునుంచి వచ్చాక ఒక్కసారి ఆ వూరు వెళ్లి మంగలిని పలకరించి, పిల్లాడు ఎలా వున్నాడని అడిగి వుంటే, మేం అతన్ని ఇంకోలా చదివేవాళ్లం. దారి అతనికి తెలుసు. ఆ బావి నీళ్లూ తాగాడు.